కత్తి ప్రశ్న

స్టాఫ్ రూములో హెడ్మాస్టరు ఆ కాగితాన్ని ఒక్కొక్కరి చేతికీ ఇచ్చుకుంటూ వచ్చాడు. కళ్ళ టీచర్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం చేతికివ్వకుండా టేబుల్ చివర పెట్టి, దానిమీద పేపర్‌వెయిట్ కూడా ఉంచి, గబగబా ముందుకెళ్ళిపోయాడు. కాగితం ఎగిరిపోతుందని కాదు, ఆవిడ మొహం చూడాల్సొస్తుందని.

ఆవిడ చెప్పేది జీవశాస్త్రం. ఏటా తొమ్మిదో తరగతిలో మేకకన్ను కోసి చూపిస్తుంది గనక పిల్లలు ఎప్పుడో ఆ పేరు పెట్టేశారు. అది పిల్లల దగ్గర్నుంచి టీచర్లకి పాకింది, టీచర్ల దగ్గర్నుంచి వీధికి పాకింది. ఇప్పుడు అసలు పేరుతో పిలిస్తే ఆవిడే వెనక్కి తిరిగి చూడదు.

కాగితం పైన "కన్ను: ఒక తెలివైన అమరిక" అని పెద్దక్షరాల్లో ఉంది. కంటిలో ఇన్ని భాగాలు ఒకదానికొకటి ఇంత చక్కగా సరిపోయాయంటే అది దానంతటదే జరిగే పని కాదట. తెలివిగల ఎవరో ఆలోచించి చేసి ఉండాలట. పరిణామ సిద్ధాంతంతో పాటు దీన్ని కూడా సైన్సు పీరియడ్‌లోనే, సమానంగా, చెప్పాలట. రెండు పేజీల్లో ఎక్కడా దేవుడు అన్న మాట మచ్చుకైనా లేదు. "ఎవరో" అని ఊరుకున్నారు. ఆ ఎవరో పక్కవీధి వడ్రంగి కాదని చదివినవాళ్ళందరికీ తెలుస్తూనే ఉంది.

ఆవిడ చివరి దాకా చదివింది. ఆఖరి వాక్యం దగ్గర చూపు ఆగిపోయింది. "నీ కంటిని ఇంత జాగ్రత్తగా చేసినవాళ్ళు నిన్ను ఒంటరిగా వదిలేస్తారా?" ఆ మాట ఎక్కడో విన్నదే. ఎక్కడ విన్నదో మాత్రం ఎంత తన్నుకున్నా గుర్తు రాలేదు.

"సార్, దీన్ని నీతిబోధన పీరియడ్‌లో పెట్టండి. నేనే చెబుతాను, బాగానే చెబుతాను. సైన్సు పీరియడ్‌లో మాత్రం వద్దు," అంది.

"పైనుంచి వచ్చింది టీచర్."

"ఏ పైనుంచి సార్?" అన్నాడు లెక్కల మాస్టారు అమాయకంగా. గదంతా గొల్లున నవ్వింది.

"స్కూలు కమిటీ నుంచి," అన్నాడు హెడ్మాస్టరు, ఎవరివంకా చూడకుండా. "ఇంకా విడమరిచి చెప్పాలంటే కార్యదర్శిగారి నుంచి. గురువారం కమిటీ వాళ్ళొచ్చి వెనక బెంచీల్లో కూర్చుని వింటారు. మొదట మీ తొమ్మిదో తరగతే."

నవ్వు ఠక్కున ఆగిపోయింది. కార్యదర్శిగారంటే కళ్ళ టీచర్ తమ్ముడు.

ఇలాంటి కాగితం ఒకటి వస్తోందని ముందే విని, పొద్దున బస్టాపులో "మీరు నోరు విప్పండి చాలు, మేమంతా మీ వెనకే ఉంటాం" అన్న ఫిజిక్సు మాస్టారి వంక చూసిందావిడ. ఆయన పెన్ను మూత తీసి పెడుతున్నాడు, పెట్టి తీస్తున్నాడు. ఆ మూతలో ఏదో పెద్ద ఇబ్బంది వచ్చిపడ్డట్టు దాన్నే పరీక్షగా చూసుకుంటున్నాడు. గంట కొట్టగానే ఎవరి చాక్‌పీసులు వాళ్ళు తీసుకుని ఎవరి క్లాసుకి వాళ్ళు వెళ్ళిపోయారు.

*

తమ్ముడి ఇంట్లో మేడమీద గది ఆవిడది. గదిలో స్టవ్ ఉన్నా దానిమీద కాచేది టీ ఒక్కటే. సాయంత్రం భోజనం కిందే. ముగ్గురే మనుషులు, పిల్లల్లేని ఇల్లు. మరదలు వడ్డిస్తుంది, తమ్ముడు తన ప్రింటింగ్ ప్రెస్సు కబుర్లు చెబుతాడు, ఆవిడ క్లాసు కబుర్లు చెబుతుంది. ఎన్నో ఏళ్ళుగా ఆవిడకి రోజంతటిలో మనుషుల మధ్య కూర్చున్నట్టుండేది ఆ కాసేపే.

ఆ సాయంత్రం తమ్ముడు ప్రెస్సు నుంచి వచ్చి, వేళ్ళకంటిన సిరా పోయేదాకా సబ్బు రుద్దుకుంటూ పంపు దగ్గరే నిలబడిపోయాడు. మామూలుగా అంత శుభ్రం మనిషి కాదు.

"నువ్వే రాశావా?" అని అడిగిందావిడ.

"ఎవరు రాస్తే ఏంటక్కా. బాగుందా లేదా?"

"భాష బాగుంది."

"నీ పాఠం తీసెయ్యమని మేమెవరమూ అనలేదు. అదీ చెప్పు, ఇదీ చెప్పు. రెండు వైపులా వింటే ఏది నిజమో పిల్లలే తేల్చుకుంటారు. ఇందులో తప్పేముంది?" అంటూ వచ్చి కూర్చున్నాడు.

"తప్పని కాదురా. సైన్సు పీరియడ్‌లోకి వచ్చిన ఏ మాటకైనా చివర కత్తి ప్రశ్న తప్పదు. నీకు తెలుసుగా మా క్లాసు పద్ధతి."

వాడికి తెలుసు, వాడూ ఆవిడ దగ్గర చదువుకున్నవాడే. పాఠం అయ్యాక రోజుకొకరు వంతుల ప్రకారం లేచి, "ఇది తప్పని తేలాలంటే ఏం కనిపించాలి టీచర్?" అని అడగాలి. జీర్ణకోశం పాఠమైనా, ఎరువుల పాఠమైనా సరే. దానికి జవాబు దొరికేదాకా పాఠం అయినట్టు కాదు. పరిణామం పాఠానికి ఆవిడ చెప్పే జవాబు కూడా వాడు విన్నదే: చేపలు పుట్టకముందటి రాతి పొరల్లో కుందేలు ఎముకలు కనిపిస్తే ఆ సిద్ధాంతాన్ని మళ్ళీ మొదట్నుంచి ఆలోచించుకోవాల్సిందే. ఇన్నాళ్ళుగా తవ్వుతున్నారు, కనిపించలేదు. రేపు కనిపించదని పూచీ ఏమీ లేదు.

"అడగనీ," అన్నాడు తమ్ముడు. "నిజమైన మాటైతే ఏ కత్తికీ తెగదు."

"నీ కాగితానికి ఆ ప్రశ్న వేస్తే ఏం చెప్పమంటావు? ఏం కనిపించినా ఆ ఎవరో అలా చేశారు అంటే సరిపోతుంది. బాగుంటే తెలివి, బాగోకపోతే మనకి అర్థం కాలేదు. ఇంక పిల్లలు తేల్చుకునేది ఏముంది?"

తమ్ముడు అన్నం కలుపుతూ కలుపుతూ ఆపేశాడు.

"ఆఖరి మాట చదివావా?"

"చదివాను. ఎక్కడో విన్నట్టుంది."

"ఎక్కడో ఏంటక్కా! నువ్వన్న మాటే కదా. అమ్మ పోయాక నేను నిద్రపోకుండా ఏడుస్తుంటే చేతిఅద్దం తెచ్చి నా కన్ను నాకు చూపించలేదూ? ఈ నల్లగుడ్డు చూడు, ఈ రెప్ప చూడు, దుమ్ము పడకుండా ఈ వెంట్రుకలు చూడు అని ఒక్కొక్కటీ చూపించి, ఇంత జాగ్రత్తగా చేసినవాళ్ళు నిన్ను ఒంటరిగా వదిలేస్తారా అన్నావు. ఆ మాట పట్టుకునే నేను ఇంతవాణ్ణయ్యాను. నాలాంటి పిల్లలు మీ బళ్ళో ఎంతమంది ఉన్నారో నీకు తెలీదు. వాళ్ళకీ ఆ మాట దొరకాలని రాశాను."

ఆవిడ చేతిలోని ముద్ద కంచంలో పెట్టేసింది. "అది నీకు చెప్పానురా. పాఠంగా చెప్పలేదు," అంది.

"మంచి మాట ఎక్కడ చెబితే ఏం?"

"ముందు తినండి, చల్లారిపోతోంది," అంది మరదలు ఇద్దరికీ కలిపి.

తమ్ముడు తలెత్తలేదు. "గురువారం నువ్వు చెప్పనన్నావనుకో, కమిటీ ఆ క్లాసు నీ దగ్గర ఉంచదు. నేను అడ్డుపడలేను. అది సరే. వాళ్ళందరి ముందూ నన్ను చిన్నబుచ్చకక్కా."

ఆవిడ మెట్లెక్కి గదిలోకి వచ్చి లైటు వెయ్యకుండా కూర్చుంది. ఆ రోజు ఆ మాట నమ్మి అన్నదా? గుర్తులేదు. వాడి ఏడుపు ఆపాలి, అంతే. వాడు నమ్మాడు, నిద్రపోయాడు. పక్కన తను మేలుకునే ఉంది. తనకీ అమ్మే పోయింది, కానీ అద్దం తెచ్చి చూపించడానికి తనకంటే పెద్దవాళ్ళు ఆ ఇంట్లో ఇంకెవరూ లేరు. ఆ సంగతి ఇన్నేళ్ళలో ఎప్పుడూ బాధనిపించలేదు. ఇవాళ ఎందుకో ఏడుపొచ్చింది.

*

మర్నాడు మధ్యాహ్నం స్టాఫ్ రూములో ఆవిడ డబ్బా విప్పేసరికి పొడుగాటి టేబుల్‌కి ఈ చివర తనొక్కతే మిగిలింది. ఎవరూ లేచి వెళ్ళలేదు. ఎవరికి వాళ్ళు ఆ చివర ఏదో పని తగిలినట్టు మెల్లమెల్లగా కుర్చీలు జరుపుకున్నారు. కార్యదర్శి అక్కగా ఉన్నన్నాళ్ళూ ఆవిడ పక్కన కూర్చోవడానికి పోటీ పడ్డవాళ్ళే. లెక్కల మాస్టారు ఒక్కడే నీళ్ళ సీసా కోసం వచ్చి ఆగాడు.

"నేను గోడమీద పిల్లినండి టీచర్‌గారూ. నాతో మాట్లాడినా మీకు లాభం లేదు. అందుకని మాట్లాడటం లేదు. ఏమీ అనుకోకండి," అన్నాడు.

"అనుకోనులెండి. మీరే నయం, చెప్పి మరీ మానేశారు," అందావిడ. ఆయన నవ్వలేక నవ్వి వెళ్ళిపోయాడు.

సాయంత్రం కిందకి భోజనానికి దిగలేదు. తలనొప్పి అని చెప్పింది. మరదలు కంచం పైకి తెచ్చి, గడప దగ్గర కాసేపు నిలబడి, "ఆయన కూడా సరిగ్గా తినలేదు వదినా," అని చెప్పి దిగిపోయింది.

గురువారం పొద్దున్నే మాంసం కొట్టుకెళ్ళింది. కొట్టతను ఆవిడ కోసం కళ్ళు తీసి, ఒక డబ్బాలో మంచుముక్కల మీద ఉంచాడు.

"ఇన్నేళ్ళ బేరంలో నా కొట్లో కళ్ళు కొనేది మీరొక్కరే టీచరమ్మా. అంతకీ పిల్లలు తినరు కదా?"

"పాఠం తింటారేమో చూడాలి," అంది. ఆ పూట ఆవిడ నవ్వింది అప్పుడొక్కసారే.

*

కమిటీ నుంచి నలుగురు వచ్చారు. పిల్లల బెంచీలు వాళ్ళకి సరిపోక మోకాళ్ళు పైకి లేపుకుని, పుస్తకం తేని పిల్లల్లా కూర్చున్నారు. తమ్ముడు కిటికీ పక్కన కూర్చున్నాడు. బడిలో ఎప్పుడూ అనేట్టే "నమస్కారం టీచర్‌గారూ" అన్నాడు.

ఆవిడ ముందు కన్ను కోసింది. కత్తెరతో చుట్టూ ఉన్న కొవ్వూ కండా తీసేసింది. తెల్లపొర గట్టిది, బ్లేడు ఊరికే దిగదు. బొటనవేలితో అదిమిపట్టి, నడుం చుట్టూ గీత గీసినట్టు తిప్పుతూ కోస్తే రెండు దొన్నెల్లా విడిపోయింది. లోపలి జిగురు ట్రేలోకి జారింది. కటకాన్ని నీళ్ళలో కడిగి అచ్చుకాగితం మీద పెడితే దాని కింది అక్షరం లావెక్కి కనిపించింది. పిల్లలు బెంచీలెక్కి మరీ చూశారు. వెనక దొన్నె లోపల నీలం, ఆకుపచ్చ కలిసి మెరుస్తుంటే ఒకడు "అబ్బ!" అన్నాడు. ఆ మెరుపు మీద పలచటి బూడిదరంగు పొర ఉంది. దాన్ని పట్టకారుతో లాగితే అంతా ఊడివచ్చి ఒక్కచోట మాత్రం అంటుకునే ఉండిపోయింది.

"చూపుని పట్టే తెర ఇదే. దీని తీగలన్నీ ఇక్కడ పోగై నరంగా బయటికి పోతాయి. గమ్మత్తేంటంటే, ఆ తీగలు తెరకి వెనకనుంచి కాక ముందునుంచి పోతాయి. అందుకని బయటపడటానికి తెరకే ఒకచోట కన్నం పెట్టుకున్నాయి. ఆ చోట మనకి చూపు లేదు. ఆక్టోపస్‌కి తీగలు వెనకనుంచే ఉంటాయి, దానికి ఈ బాధ లేదు."

తలా ఒక కాగితం తీసుకుని ఎడమవైపు కూడిక గుర్తు, కుడివైపు చుక్క పెట్టమంది. ఎడమకన్ను మూసి, కూడిక గుర్తునే చూస్తూ కాగితాన్ని ముందుకీ వెనక్కీ జరపమంది. ఒక్కొక్క బెంచీ దగ్గర్నుంచి "పోయింది! చుక్క పోయింది!" అని కేకలు లేచాయి. కమిటీ పెద్దమనుషులు కూడా ఒంటికన్నుతో కాగితాలు జరుపుకున్నారు.

తర్వాత ఆవిడ తమ్ముడి కాగితం పిల్లలకి తలా ఒకటి పంచి, తనూ ఒకటి తీసి చదివింది. ఎక్కడా గొంతులో వెటకారం రానివ్వలేదు, ఒక్క మాట మింగలేదు. చదువుతుంటే తనకే తెలిసింది, వాడు నిజంగా బాగా రాశాడు. చివరి వాక్యం దగ్గర గొంతు కొంచెం వణికింది. అది పిల్లలకి తెలియలేదు, వెనకనున్న తమ్ముడికి తెలిసింది.

"పాఠం అయింది. అడగండి," అంది.

అడగండి అంటే పిల్లలు ఆగుతారా? ముందు బెంచీవాడు లేచాడు. "టీచర్, ఆ ఎవరో అంత తెలివైనవాళ్ళు కదా, మరి కన్నం ఎందుకుంచారు? పని మధ్యలో భోజనానికెళ్ళి మర్చిపోయారా?"

క్లాసు పకపకా నవ్వింది.

"మా తాతకి రెండు కళ్ళకీ ఆపరేషనయింది టీచర్! గ్యారంటీ అయిపోయిందేమో!"

"మంచి కన్ను ఆక్టోపస్‌కిచ్చి, మిగిలింది మనకిచ్చారు!"

ఇంకా నవ్వు. అందులో పాపం ఏమీ లేదు. ఏ పాఠంలోనైనా వాళ్ళు అలాగే నవ్వుతారు, ఆవిడే నేర్పింది. ఈలోగా మూల బెంచీవాడు తన కాగితం పైకెత్తి, మూతి వంకర పెట్టి, చంటిపిల్లల్ని బుజ్జగించే గొంతుతో దీర్ఘాలు తీస్తూ చదివాడు: "నిన్నూ ఒంటరిగాఆ వదిలేస్తారాఆ?"

క్లాసు విరగబడింది. బల్లలు చరిచారు. కమిటీలో ఒకాయన కూడా నవ్వాపుకోలేక దగ్గు నటించాడు.

ఆవిడ తమ్ముడి వంక చూసింది. వాడి ఎడమ అరచెయ్యి ఇంకా కంటిమీదే ఉంది, దించడం మర్చిపోయాడు. తెరిచి ఉన్న రెండో కంట్లో నీళ్ళు నిండాయి. నెరిసిన చెంపలు, కార్యదర్శి చొక్కా, అన్నీ ఉండగానే వాడు అమ్మ పోయిన ఇంట్లో పడుకోలేక లేచి కూర్చున్న పసివాడిలా ఉన్నాడు.

సరిగ్గా అప్పుడే గుండుసూది లేచింది. సన్నగా ఉంటుందనీ, సూటిగా దిగుతుందనీ ఆ పిల్లకి ఆ పేరు పెట్టింది కళ్ళ టీచరే. ఆ రోజు వంతు ఆ పిల్లది. అందరూ నవ్వుతున్నా తను నవ్వలేదు. కాగితం రెండుసార్లు చదువుకుని, ఆలోచించి మరీ లేచింది.

"ఇది తప్పని తేలాలంటే ఏం కనిపించాలి టీచర్?"

"కూర్చో."

"టీచర్, నా వంతు..."

"కూర్చోమన్నానా! ప్రతిదానికీ ప్రశ్నేనా? కొన్ని అడక్కూడదు!"

ఆ కేక ఆవిడ నోటినుంచే వచ్చింది. ఆ గదిలో ఆ మాట ఎప్పుడూ ఎవరూ వినలేదు. నవ్వు ఎక్కడిదక్కడ తెగిపోయింది. గుండుసూది అర్థం కానట్టు ఆవిడ మొహంలోకి చూసి, మెల్లగా కూర్చుని, కాగితాన్ని మడిచి పుస్తకంలో పెట్టుకుంది.

*

ఆ సాయంత్రం తమ్ముడే మేడమీదకి వచ్చాడు. వాడు ఆ మెట్లెక్కడం అరుదు. కుర్చీ చూపించినా కూర్చోకుండా కిటికీ ఊచ పట్టుకుని నిలబడ్డాడు.

"కాగితాలన్నీ వెనక్కి తెప్పించేశానక్కా. ఇంక ఆ పాఠం ఉండదు. నీ క్లాసు నీదే. కమిటీ వాళ్ళతో నేను మాట్లాడుకుంటాను."

"తప్పని తేలిందనా?"

"అది నాకు తెలీదు. నాకది ఎప్పటికీ నిజమే. ఆ మాట వాళ్ళ నోళ్ళలో పడి నలుగుతుంటే చూడలేకపోయాను." ఊచ వదిలి ఇటు తిరిగి, "నువ్వు చూస్తూ ఊరుకోలేదు. ఆపావు. అది చాలు నాకు," అన్నాడు.

వాడు తలుపు దాకా వెళ్ళి, "భోజనానికి రా. నువ్వు రాకపోతే ఆ వంట నోటికెక్కడం లేదు," అన్నాడు.

వెళ్ళింది. మరదలు అడిగి అడిగి వడ్డించింది. తమ్ముడు ప్రెస్సులో ఎవరో పెళ్ళిపత్రికలో పెళ్ళికొడుకు పేరు వెయ్యడం మర్చిపోయిన సంగతి చెబితే ముగ్గురూ నవ్వారు. చెయ్యి కడుక్కుంటున్నప్పుడు ఆవిడకి గుండుసూది మడిచిన కాగితం గుర్తొచ్చింది. మనసంతా చేదయింది. కాగితం పోయింది నిజమే. సైన్సు పీరియడ్‌లో అడక్కూడని మాట ఒకటి ఉండకూడదనే కదా తను అంత పట్టుబట్టింది. ఆ మాటని చేతులారా తెచ్చి పెట్టింది తనే. ఈ సంగతి చెప్పుకోవడానికి ఎదురుగా ఉన్న ఇద్దరూ పనికిరారు, బయట ఇంకెవరూ లేరు.

*

శుక్రవారం పొద్దున స్టాఫ్ రూములో కుర్చీలన్నీ ఆవిడ చుట్టూ చేరాయి. ఫిజిక్సు మాస్టారు అందరికంటే ముందొచ్చి, "గెలిచారు టీచర్! నేను ముందే చెప్పాను కదా, మేమంతా మీ వెనకే ఉన్నామని," అన్నాడు. ఆవిడ సుద్దముక్కలు ఏరుకుని క్లాసుకెళ్ళిపోయింది.

ఆ రోజు చెవి పాఠం. చెవిలో ఉండే మూడు చిన్న ఎముకల బొమ్మ బోర్డు మీద వేసింది. ఒకప్పుడు అవి ఏ జంతువుల దవడలో ఉండేవో, అక్కడికి ఎలా చేరాయో చెప్పింది. ఇష్టమైన పాఠం, బాగానే సాగింది. పిల్లలు చక్కగా విన్నారు. మరీ చక్కగా విన్నారు. బొమ్మలో ఒక ఎముక తలకిందులుగా వేస్తే ఎవరూ అనలేదు. ఆవిడే చూసుకుని తుడిచి మళ్ళీ వేసింది.

పాఠం అయ్యాక చేతులు దులుపుకుని, మూడో బెంచీ దాకా నడిచి వెళ్ళింది.

"నిన్న నీ వంతు మిగిలిపోయింది. తప్పు నాది, నీది కాదు. అంతమంది ముందు నేను నీమీద అరవాల్సింది కాదు. ఇవాళ నువ్వే అడగాలి. అడుగమ్మా."

గుండుసూది లేచి నిలబడింది. పక్కపిల్ల వంక చూసింది, వెనక బెంచీల వంక చూసింది. అక్కడ ఇవాళ పెద్దవాళ్ళెవరూ లేరు. బల్ల అంచుని గోటితో గీకుతూ చాలాసేపు ఆలోచించింది. టీచర్ క్షమాపణ అడగడం ఆ పిల్లకి కొత్త, పాపం ఇబ్బంది పడుతోంది. కోపంగానీ అలకగానీ మొహంలో ఎక్కడా లేవు. టీచర్‌కి మళ్ళీ కష్టం కలిగించకూడదన్న జాగ్రత్త ఒక్కటే ఉంది.

"ఏది అడగొచ్చు టీచర్?" అంది నెమ్మదిగా. "మీరు చెప్పండి, అదే అడుగుతాను."